జవాబుపత్రం మీద పడిన రక్తపు చుక్క

ఏప్రిల్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ శిబిరంలో కూర్చొని జవాబుపత్రాలు దిద్దుతూ ఉండగా, ఊరూ పేరూ తెలియని ఒక విద్యార్థి రాసిన పద్యభావం మీద ఎర్రటి చుక్క ఒకటి పడింది. చేతిలో ఎర్రసిరా కలం ఉండడం వల్ల అది కలం కక్కిన సిరా అనుకొని తుడవడానికి కాగితం కోసం వెతికాను. రెండో చుక్క చొక్కా జేబు మీద పడిన తరువాత గాని అది నా ముక్కు నుంచి వస్తున్నదని తెలియలేదు.

ఆ రక్తానికీ, సంక్రాంతి నాటి నుంచి నన్ను పట్టుకొని వదలని తలనొప్పికీ మూలం ఏమిటో తేలడానికి నాకు దాదాపు నెల రోజులూ, ఇరవై వేల రూపాయలకు పైగా డబ్బూ, కొంత పరువూ ఖర్చయ్యాయి. తలనొప్పి లేకుండా మూడు వారాలు గడిచాయి కనుక, మరచిపోకముందే, కోపం చల్లారకముందే దీనిని రాస్తున్నాను. నా వయస్సు 56. ఖమ్మం జిల్లాలో 29 ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను. అనారోగ్యం పేరుతో బడికి సెలవు పెట్టిన రోజులు రెండు చేతుల వేళ్లకు మించవు.

శిబిరంలో నలుగురూ చేరి నాకు చేసిన ఉపచారాలన్నీ తప్పుడువేనని ఇప్పుడు తెలిసింది. ఒకరు నా తలను వెనక్కి వంచి పట్టుకున్నారు. ఒకరు నెత్తిన చల్లనీళ్లు పోశారు. ఒకరు ఎక్కడి నుంచో ఉల్లిపాయ తెచ్చి, కోసి, వాసన చూడమన్నారు. తల వెనక్కి వంచడంతో రక్తం గొంతులోకి జారింది, నేను మింగాను. బయటికి కారడం ఆగింది కదా అని అందరూ సంతోషించారు. మరక పడిన జవాబుపత్రానికి సంజాయిషీగా ఒక కాగితం రాసి ఇమ్మంటే "ఎండ వేడిమి వలన" అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు 41 డిగ్రీల ఎండ కాసింది కనుక ఎవరూ కాదనలేదు. ఇంటికి వెళ్లే దారిలో ఆర్‌ఎంపీ వైద్యుడు కూడా వేడి చేసిందనే చెప్పి, సూది వేసి, మజ్జిగ తాగమన్నాడు.

రాత్రి తొమ్మిది గంటలకు మళ్లీ రక్తం వచ్చింది, దానితోపాటు వాంతి అయింది. వాంతిలో నల్లటి గడ్డలు కనిపించడంతో నా భార్య కేక వేసింది. మధ్యాహ్నం మింగిన రక్తమే కడుపులో ఇమడక అలా బయటికి వస్తుందని అప్పుడు మాకు తెలియదు. పక్కింటివారి కారులో పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము. దాని పేరు రాయను. అక్కడ గడిపిన 18 గంటల గురించి మాత్రం రాయక తప్పదు.

క్యాజువాలిటీలో నన్ను ఒక ఎత్తైన మంచం అంచున కూర్చోబెట్టారు. కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి, వీపుకు ఆనుడు లేదు, ఒక చేతిలో నెత్తుటి తువ్వాలు ఉంది, పక్కన భార్య ఏడుస్తున్నది. నేను ఆయాసపడుతూ జరిగినదంతా చెబుతూ ఉండగానే, పొడుగుచేతుల చొక్కా మీదనే పట్టీ చుట్టి బీపీ చూసిన నర్సు "నూట తొంభై బై నూట పది" అని హాలంతా వినబడేలా చెప్పింది. ఆ అంకెతోనే నా జబ్బు నిర్ణయమైపోయిందని తరువాత అర్థమైంది. బీపీ చూడాలంటే అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టాలనీ, వీపుకూ పాదాలకూ ఆధారం ఉండాలనీ, చేతి మీద బట్ట లేకుండా గుండె ఎత్తున ఆనించి, మాట్లాడనివ్వకుండా చూడాలనీ ఇప్పుడు నేను మా వీధిలో అందరికీ చెబుతున్నాను. వాటిలో ఒక్కటీ ఆ రాత్రి జరగలేదు.

తరువాత డ్యూటీ డాక్టరు వచ్చాడు. నా పెద్దకొడుకు వయస్సు ఉంటుంది. కళ్లలోకి లైటు వేసి చూశాడు, చేతులు గట్టిగా పిడికిలి బిగించమన్నాడు, నాలుక బయటపెట్టమన్నాడు. ఇవన్నీ అవసరమైన పరీక్షలేనని ఒప్పుకుంటాను. తలనొప్పితోపాటు మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, కాలో చెయ్యో పట్టు తప్పడం ఉంటే క్షణం ఆలస్యం చేయకూడదట. ఆ తరువాత అతడు వరుసగా ప్రశ్నలు అడిగాడు. "తాగుతారా?" అన్నాడు. లేదన్నాను. "నిజం చెప్పండి, డాక్టరు దగ్గర దాచకూడదు" అన్నాడు. జీవితంలో ఆ వాసన ఎరుగనని చెప్పాను. అప్పుడు అతడు పక్కనున్న నర్సు వైపు చూసి నవ్వుతూ, "పోనీ, ముక్కులో వేలు పెట్టుకునే అలవాటు ఉందా?" అని అడిగాడు.

అక్కడ అడ్డంగా తెర కూడా లేదు. రెండు గజాల దూరంలో బిల్లుల కౌంటరు దగ్గర కూర్చొని ఉన్న కుర్రవాడు ఆరేళ్ల క్రితం నా దగ్గర పదో తరగతి చదివినవాడు. నన్ను చూడగానే లేచి "నమస్తే సార్" అన్నవాడు ఆ ప్రశ్న విని తల దించుకొని కంప్యూటరులోకి చూశాడు. ఎదురు మంచం మీద ఎవరికో సెలైను ఎక్కుతుంటే, వారి వెంట వచ్చిన ఆడవాళ్లు ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నా భార్య ఏడుపు ఆపి నా ముఖం వైపు చూసింది.

"లేదు" అన్నాను.

అది అబద్ధం. చలికాలం నుంచీ ప్రతి ఉదయమూ ముక్కులో, ముఖ్యంగా ఎడమవైపు, గట్టిగా పక్కు కట్టేది. దానిని గోటితో లాగి తీసేవాడిని. తీస్తే గాని ఊపిరి ఆడినట్టు ఉండేది కాదు. అబద్ధం ఆడితే అరచేతి మీద బెత్తం దెబ్బ వేసిన రోజులు నా ఉద్యోగంలో ఉన్నాయి. అయినా, నా విద్యార్థి వింటూ ఉండగా ఆ ప్రశ్నకు ఔనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ యువకుడు అడిగినది సరైన ప్రశ్నే కావడం ఇందులోని విచిత్రం. ఆ నెలలో నన్ను చూసిన డాక్టర్లందరిలో మొదటిసారి అసలు విషయానికి దగ్గరగా వచ్చినవాడు అతడే. నవ్వకుండా, దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగి ఉంటే నేను నిజం చెప్పేవాడిని, అంతా ఆ రాత్రే తేలిపోయేది. రోగి చేత నిజం చెప్పించడం కూడా వైద్యంలో భాగమే. పిల్లవాడి చేత నిజం చెప్పించడం మాకు ఉపాధ్యాయ శిక్షణలో నేర్పినట్టు, వాళ్లకు కూడా ఎవరో ఒకరు నేర్పాలి.

నేను లేదనగానే అతడు ఆ సంగతి వదిలేసి, "తలనొప్పి, ముక్కు రక్తం, ఇంత బీపీ ఉన్నాయి కనుక తలలో నరం చిట్లిందేమో చూడాలి" అన్నాడు. "నరం" అనే మాట చెవిని పడిన తరువాత నా భార్యకు మరేదీ వినిపించలేదు. స్కానింగు వద్దంటే మా బాధ్యత కాదని రాసిన కాగితం ఒకటి, సరేనంటే సంతకం పెట్టవలసిన కాగితం ఒకటి మా ముందు ఉంచారు. ఉద్యోగుల హెల్త్ కార్డు చూపిస్తే, ఈ జబ్బు ప్యాకేజీలో లేదని ఆ నా విద్యార్థి చేతనే చెప్పించారు. మెదడుకు సీటీ తీశారు. ఈసీజీ తీశారు. రక్తపరీక్షలు చేశారు. ఒక రాత్రి ఉంచుకున్నారు. మెదడులో ఏమీ లేదని తెల్లవారుజామున చెప్పారు.

ఇన్ని చేసిన ఆ 18 గంటలలో ఒక్కరంటే ఒక్కరు కూడా నా ముక్కులోకి దీపం వేసి చూడలేదు. రక్తం వచ్చినది ముక్కు నుంచి. చూడవలసిన చోటు బెత్తెడు దూరంలో, ముఖం మధ్యలో, తెరిచిన తలుపులా ఉంది. దూది కుక్కి వదిలేశారు. మరునాడు "తీవ్రమైన రక్తపోటు వలన ముక్కు నుంచి రక్తస్రావం" అని డిశ్చార్జి కాగితం మీద రాసి, జీవితాంతం వాడవలసిన బీపీ మాత్ర ఒకటి రాసి, 21,400 రూపాయల బిల్లు చేతికిచ్చారు. బీపీ వల్లనే అయితే సంక్రాంతి నుంచీ తలనొప్పి ఎందుకు ఉన్నదని అడిగాను. అదీ బీపీ వల్లనే అన్నారు. మరి గత అక్టోబరులో బీమా పరీక్షలో నా బీపీ సరిగ్గానే ఉన్నది కదా అంటే, అప్పుడు అక్టోబరు, ఇప్పుడు ఏప్రిల్ అన్నారు.

ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చిన బంధువులు నన్ను అదృష్టవంతుడిని చేశారు. తలలో నరం చిట్లి, ఆ రక్తం మెదడులో నిలవకుండా ముక్కులోంచి పోబట్టి బతికానని మా బావ తేల్చాడు. ఈ నమ్మకం మన ఇళ్లలో ఎంత బలంగా ఉందో అప్పుడు తెలిసింది. మరొకరు డెంగీ అన్నారు. జ్వరం లేకపోయినా ప్లేట్‌లెట్లు చూపించాను, 2,30,000 ఉన్నాయి. బీపీ మాత్ర వేసుకున్న రెండు గంటలకు కళ్లు తిరిగేవి. తలనొప్పి మాత్రం ఎప్పటిలాగే కనుబొమ్మల మధ్య, బుగ్గ ఎముక మీద, ముందుకు వంగితే ఇంకా ఎక్కువగా ఉండేది. పదకొండో రోజున మళ్లీ రక్తం వచ్చింది.

మా బావమరిది మలక్‌పేటలో ఉంటాడు. అతడు పట్టుబట్టి నన్ను హైదరాబాదు రప్పించి, కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. 2021లో కరోనా తరువాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు రోగులను ఎక్కువగా అక్కడికే పంపిన సంగతి గుర్తుండడం వల్ల, ముక్కు గురించి వాళ్లకంటే తెలిసినవారు ఎవరుంటారని అతడి వాదన. చీటీ తీసుకున్నాము, వరుసలో కూర్చున్నాము, మా వంతు వచ్చింది.

అక్కడ నన్ను చూసిన డాక్టరమ్మ నుదుటికి దీపం కట్టుకొని, చిన్న పనిముట్టుతో ముక్కుపుటం వెడల్పు చేసి, మొట్టమొదట చేసిన పని ముక్కులోకి చూడడం. చూస్తూనే, "మాస్టారూ, ముక్కులో ఏం వేస్తున్నారు?" అని అడిగింది. జేబులోంచి చుక్కల మందు సీసా తీసి చూపించాను. సంక్రాంతికి జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మందుల షాపులో అడిగి కొన్నది అది. రెండు చుక్కలు వేస్తే నిమిషంలో ముక్కు తెరుచుకునేది. మొదట రాత్రి పూట వేసేవాడిని, తరువాత పొద్దునా రాత్రీ, మార్చి నాటికి రోజుకు అయిదారు సార్లు. ఆమె నవ్వలేదు, కసరలేదు. తలనొప్పికి ఏం మింగుతున్నారని అడిగింది. నీళ్లలో వేస్తే బుసబుసమని కరిగే మాత్ర సంగతి చెప్పాను. "పొద్దున లేవగానే ముక్కులో పక్కు కడుతుంది కదా, అది ఎలా తీస్తున్నారు?" అని అడిగింది.

"గోటితో తీస్తున్నానమ్మా" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలికగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

తరువాత ఆమె చెప్పినది నాకు అర్థమైన మేరకు ఇది. ముక్కు దూలం, అంటే రెండు పుటాల మధ్య ఉండే గోడ, ముందుభాగంలో, వేలి కొనకు అందే చోట, నాలుగైదు సన్నని రక్తనాళాలు వచ్చి ఒక వలలా కలుస్తాయి. వాటి మీద పొర చాలా పలుచన. ముక్కు నుంచి వచ్చే రక్తంలో నూటికి తొంభై వంతులు అక్కడిదే. నేను వాడిన జైలోమెటాజోలిన్ చుక్కలు ఆ నాళాలను బిగదీసి దారి తెరుస్తాయి. వాటిని అయిదు రోజులు, మహా అయితే వారం రోజులు వాడాలి. అంతకు మించితే మందు ప్రభావం తగ్గగానే లోపలి పొర మునుపటి కంటే ఎక్కువగా ఉబ్బుతుంది, మళ్లీ చుక్కలు వేయక తప్పదు. నాకు దూలం ఎడమవైపు వంకరగా ఉండడం వల్ల ఆ వైపు దారి ముందే ఇరుకు. పొర ఉబ్బేసరికి, ముఖం ఎముకల్లో ఉండే సైనస్ అనే గాలి గదుల నుంచి బయటికి వచ్చే రంధ్రాలు మూసుకుపోయి, కనుబొమ్మల మధ్య, బుగ్గల మీద బరువు, నొప్పి మొదలయ్యాయి. ఆ నొప్పికి నేను మింగినది ఆస్పిరిన్. ఒక్క మాత్ర వేసుకున్నా రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పని వారం పది రోజులు మందగిస్తుంది. నా పరీక్షలో వాటి సంఖ్య సరిగ్గానే ఉన్నది, అవి సరిగ్గా పని చేయడం లేదు. చుక్కల వల్ల ఎండిపోయి పక్కు కట్టిన చోటును నేను రోజూ గోటితో గీరుతున్నాను. ఇక నెలకు 15 రోజులకు మించి, నెలల తరబడి తలనొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పిని తెస్తాయట. ఇన్నీ కలిసి ఒకదానినొకటి తోసుకుంటూ నన్ను జవాబుపత్రం దాకా తెచ్చాయి.

బీపీ సంగతి అడిగాను. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు మొదలైన రక్తం తొందరగా ఆగకపోవచ్చు గాని, భయంతో, రక్తం చూసిన కంగారుతో ఎవరికైనా బీపీ పెరుగుతుందనీ, ముక్కు తెరిచే ఈ చుక్కలు కూడా కొంత పెంచగలవనీ చెప్పింది. మామూలుగా పెరిగిన బీపీకి తలనొప్పి రాదట. 180/120 దాటి, చూపు మసకబారడమో, ఛాతీ నొప్పో, అయోమయమో ఉంటే అది వేరే లెక్క అట. ఇంట్లో కొలిచి వారం రోజులు రాసుకొని రమ్మన్నది.

మా బావ చెప్పిన నరం సిద్ధాంతాన్ని కూడా ఆమె ముందు ఉంచాను. మెదడుకూ ముక్కుకూ మధ్య ఎముక అడ్డం ఉంటుందనీ, మెదడులో చిట్లిన నాళం రక్తం ముక్కు గుండా బయటికి రావడమనేది తలకు పెద్ద దెబ్బ తగిలి ఆ ఎముక విరిగినప్పటి మాట అనీ చెప్పింది. అప్పుడు ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కూడా కారవచ్చట. ఉపాధ్యాయుడిని కనుక ఊరుకోలేక, మరి తలనొప్పీ ముక్కు రక్తమూ కలిసి వస్తే భయపడవలసినవి ఏవని అడిగాను. జ్వరం, ఒంటి మీద ఎర్రని మచ్చలు ఉంటే డెంగీ. చిగుళ్ల నుంచి కూడా రక్తం, తగని నీరసం ఉంటే రక్తకణాల జబ్బు. పద్నాలుగు పదిహేనేళ్ల మగపిల్లవాడికి ఒకే వైపు ముక్కు మూసుకుపోయి పదేపదే ధారగా రక్తం పోతే ముక్కు వెనుక పెరిగే ఒక రకం కణితి. పెద్దవాళ్లకు ఒకే వైపు నెలల తరబడి రక్తం, బుగ్గ వాపు, కన్ను ముందుకు రావడం ఉంటే సైనస్‌లో గడ్డ. షుగరు అదుపులో లేనివాళ్లకు ముఖం నొప్పి, నల్లటి పక్కులు కనిపిస్తే ఆ బ్లాక్ ఫంగస్. గుండెజబ్బుకు రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్లు తమంతట తాము వాటిని మానకూడదు, వెంటనే డాక్టరును అడగాలి. ఈ చివరి మాట ఆమె రెండుసార్లు చెప్పింది.

వైద్యం అయిదు నిమిషాలలో ముగిసింది. మొద్దుబారే మందు అద్దిన దూది పెట్టి, సిల్వర్ నైట్రేట్ అనే మందు అంటిన పుల్లతో ఎడమవైపు ఆ పచ్చి చోటును కాల్చింది. చురుక్కుమంది, అంతే. రెండు వైపులా ఒకేసారి చేస్తే దూలానికి చిల్లు పడే ప్రమాదం ఉండడం వల్ల ఒక వైపే చేస్తారట. సైనస్‌కు తీసిన సీటీలో పొర ఉబ్బు, వంకర దూలం తప్ప మరేమీ కనబడలేదు. చుక్కలు పూర్తిగా మానమని, ఆస్పిరిన్ బదులు తప్పనిసరి అయితేనే పారాసిటమాల్ వేసుకోమని, ఉప్పునీటితో ముక్కు కడగమని, రాత్రి వ్యాసలిన్ రాయమని చెప్పింది. మళ్లీ రక్తం వస్తే తల ముందుకు వంచి కూర్చొని, ఎముకను వదిలి ముక్కు మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో 15 నిమిషాలు గట్టిగా నొక్కి, నోటితో ఊపిరి తీసుకోమన్నది. మధ్యలో వదిలి ఆగిందా అని చూడకూడదట. అప్పటికీ ఆగకపోతేనే ఆసుపత్రి.

చుక్కలు మానడం తేలిక అనుకున్నాను. కొందరు ఒక్కో పుటానికి నెమ్మదిగా మానుతారట, నేను సీసాను అదే రోజు చెత్తకుండీలో వేశాను. తొమ్మిది రాత్రులు దిండ్లకు ఆనుకొని, నోరు తెరిచి, కూర్చొనే నిద్రపోయాను. పదో రాత్రి ముక్కుతో ఊపిరి ఆడింది. ఈ పట్టుదల మా ఇంట్లో ఇంకెవరికీ లేదని నా భార్య కూడా ఒప్పుకున్నది.

మందుల షాపువాళ్ల మీద కోపం ఉన్నమాట నిజమే. మూడు నెలల్లో ఆరు సీసాలు కొన్నాను, ఎందుకని అడిగినవాడు లేడు. అయితే ప్రతి సీసా పెట్టెలోనూ మడిచిన కాగితం ఒకటి ఉండేది. ప్రశ్నపత్రం మీది సూచనలు చదవకుండా రాయడం మొదలుపెట్టకూడదని 29 ఏళ్లు పిల్లలకు చెప్పిన నేను ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, నేను వాడే చుక్కలు, లేపనాలు, మాత్రలు, చివరికి లేహ్యం కూడా ఒక సంచిలో వేసుకొని వెళ్తున్నాను. వాళ్లు అడగకపోయినా బల్ల మీద పరుస్తున్నాను.

ఇంట్లో వారం రోజులు కొలిచి రాసుకున్న బీపీ సగటున 128/82 ఉన్నది. ఆ పుస్తకం చూసి, డాక్టరు సలహా మీదనే బీపీ మాత్ర మానివేశాను. మూడు నెలలకొకసారి చూపించుకోమన్నారు.

మిగిలినది ఒక్కటే. మొదటి ఆసుపత్రి బిల్లుకు మెడికల్ రీయింబర్స్‌మెంటు కోసం పెట్టిన ఫైలు గత సోమవారం తిరిగి వచ్చింది. ఒక కాగితంలో రక్తపోటు అనీ, మరొక కాగితంలో ముక్కు దూలం, సైనస్ అనీ ఉన్నందున "రక్తస్రావమునకు గల అసలు కారణమును దరఖాస్తుదారు స్పష్టపరచవలెను" అని ఎర్రసిరాతో రాసి పంపారు. రెండు పేజీల వివరణ రాసి పెట్టాను. చెత్తకుండీలో వేసిన ఆ సీసా ఉంటే జతపరిచేవాడిని.